పెద్దిల్లు ఆఖరున చూడాలి

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది పడమటి గట్టున వాలెస్ అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో ఒక పాత చెరకుతోట, ఆ తోటలో దొర కట్టించుకున్న ఇల్లు ఉన్నాయి. ఇప్పుడు దాన్ని విట్నీ ప్లాంటేషన్ అంటున్నారు. మేమెవరం అక్కడికి వెళ్ళలేదు. ఆ తోట బానిసల చరిత్ర మీద ఇబ్రహీమా సెక్ అనే సెనెగల్ చరిత్రకారుడు రాసిన పుస్తకం, అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళ రాతలు, ఫోటోలు మా ఆధారం. ఏజెన్సీలో ఉండేవాళ్ళకి అమెరికా తోటబంగళా గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. మా చుట్టూ కూడా బంగళాలున్నాయి. ఫారెస్టు బంగళాలు, కాఫీతోటల బంగళాలు, తెల్లదొరలు వేసవికి వచ్చి ఉన్న బంగళాలు. వాటికి సున్నం వేసి, బోర్డు పెట్టి, టూరిస్టులకు అద్దెకిచ్చే కాలం వచ్చింది. ఆ బోర్డు మీద ఏం రాస్తారన్నది మాకు సంబంధించిన విషయం.

మరో మాట ముందే చెప్పాలి. ‘దొర’ అనే మాట మా దగ్గర రెండు వైపులా నడుస్తుంది. కొండదొరలు మావాళ్ళు. గాం గంటందొర, గాం మల్లుదొర మావాళ్ళు. ఈ వ్యాసంలో దొర అంటే తోట యజమాని అని మాత్రమే అర్థం చేసుకోండి.

విట్నీ కథ 1752లో మొదలవుతుంది. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబంలోని ఆంబ్రోయిస్ హైడెల్ అక్కడ భూమి సంపాదించాడు. మొదట నీలిమందు పండించారు. నీలి ఆకును తొట్లలో నానబెట్టి, కుళ్ళబెట్టి, గంటల తరబడి చిలకాలి. ఆ కంపు భరించినవాళ్ళు ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మనుషులు. 18వ శతాబ్దం చివరికి నీలి పోయి చెరకు వచ్చింది. హైడెల్ ఇంటిపేరు ఫ్రెంచి వాడుకలో హేడెల్ అయింది. ఇప్పుడు నిలిచి ఉన్న పెద్దిల్లు ఆ 18వ శతాబ్దం చివరా, 19వ శతాబ్దం మొదట్లోనూ కట్టింది. నది పొంగితే నీళ్ళు తగలకుండా ఇంటిని ఎత్తులో కట్టారు. కింద ఇటుక, పైన నివాసం, ముందూ వెనకా పొడుగాటి వరండాలు. 1830ల చివర్లో మార్సెలిన్ హేడెల్ గోడలకూ పైకప్పులకూ రంగుల బొమ్మలు వేయించాడు. దొమెనికో కనోవా అనే ఇటలీ చిత్రకారుడు వేశాడంటారు. ఆయన పోయాక భార్య ఆజెలీ హేడెల్ 1860 దాకా తోట నడిపింది. 1844లో ఒక్క సీజనులో 4 లక్షల పౌండ్లకు పైగా పంచదార తీశారు. చెరకు కొట్టాక రసం ఆగదు, పులుస్తుంది. అందుకని గానుగ కాలంలో రాత్రింబగళ్ళు బానలు మరిగేవి. రసం ఒక బానలోంచి మరో బానలోకి గరిటెలతో తోడిపోసే పనిలో చేతులు కాలిపోయేవి. గానుగలో చేయి పడితే చెయ్యి పోయేది. వరండాల రంగుల బొమ్మలకు డబ్బు అక్కడినుంచి వచ్చింది.

అంతర్యుద్ధం తరువాత బ్రాడిష్ జాన్సన్ అనే ధనవంతుడు తోట కొని, మనవడి ఇంటిపేరు మీదుగా విట్నీ అని పేరు పెట్టాడు. ఆ తరువాత వంద సంవత్సరాల చరిత్ర చేతులు మారిన చరిత్ర. 1990లో ఫార్మోసా అనే ప్లాస్టిక్ కంపెనీ అక్కడ పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలని తోట కొన్నది. ఊరివాళ్ళూ పర్యావరణవాదులూ అడ్డుపడ్డారు, ఫ్యాక్టరీ రాలేదు. కానీ కంపెనీ ఆ స్థలం మీద ఒక చరిత్ర నివేదిక తయారు చేయించింది. 1990ల చివర్లో న్యూ ఆర్లీన్స్ లాయరు జాన్ కమ్మింగ్స్ ఆ తోట కొన్నాడు. ఆ నివేదిక తిరగేస్తుంటే అక్కడ పనిచేసిన బానిసల జాబితా కంటపడిందనీ, అదే తనను మార్చిందనీ ఆయన చెప్పుకున్నాడు. ఫ్యాక్టరీ పెట్టబోయిన కంపెనీ కాగితాల్లోంచి మ్యూజియం పుట్టడం విచిత్రమే. సొంత డబ్బు లక్షల డాలర్లు పెట్టి, దాదాపు పదిహేనేళ్ళు పనిచేసి, 2014 డిసెంబరులో దాన్ని జనానికి తెరిచాడు. 2019లో తోటను ఒక లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించాడు.

విట్నీ ప్రత్యేకత తెలియాలంటే చుట్టుపక్కల తోటలను చూడాలి. అదే నది ఒడ్డున ఓక్ ఆలీ ఉంది, రెండు వరసల్లో 28 పెద్ద ఓక్ చెట్లతో ఫోటోలకు పేరుపడ్డది. అలాంటి చోట్ల పెళ్ళిళ్ళు చేసుకుంటారు. చాలాకాలం అక్కడి గైడ్లు దొరసానుల గౌన్ల గురించీ, వెండి గరిటెల గురించీ చెప్పి పంపించేవారు. బానిసల ఊసు వస్తే ‘సేవకులు’ అనేవారు. ఇటీవల కొంత మారారు. మన దగ్గర ‘సేవకులు’ అన్న మాటకు బదులు ‘అమాయక గిరిజనులు’ అనే మాట వాడతారు. రెంటి పనీ ఒకటే. పని చేయించినవాడి పేరు చెప్పకుండా పని చేసినవాడిని మెచ్చుకోవడం.

విట్నీలో నడక మరో వరసలో సాగుతుంది. వచ్చినవాళ్ళకి మెడలో వేసుకోవడానికి ఒక కార్డు ఇస్తారు. దాని మీద ఒకప్పటి బానిస మనిషి పేరు, ఆ మనిషి చెప్పిన నాలుగు మాటలు ఉంటాయి. ముందు చర్చి. అక్కడ వుడ్రో నాష్ అనే నల్లజాతి శిల్పి చేసిన పిల్లల బొమ్మలు నిలబడి, కూర్చుని ఉంటాయి. తరువాత పేర్లు చెక్కిన గోడలు, గుడిసెలు, వంటిల్లు. పెద్దిల్లు ఆఖరున. అప్పటికి చూసేవాడి మెడలో ఒక పేరుంది, బుర్రలో వందల పేర్లున్నాయి. అప్పుడు వరండా మీది రంగులబొమ్మ చూస్తే అది ముందు చూసినట్టు కనపడదు. ఇంటిని కూల్చలేదు, దాచలేదు, తిట్టను కూడా లేదు. వరస మార్చారు, అంతే. విమర్శకులుగా మాకు ఇంతకన్నా నచ్చిన పని ఇంకొకటి లేదు.

బొమ్మలు పిల్లలవే ఎందుకు? 1930లలో అమెరికా ప్రభుత్వం పనిలేని రచయితలకు పని కల్పిస్తూ, బతికి ఉన్న మాజీ బానిసల మాటలు రాయించింది. 2,300 మందికి పైగా చెప్పారు. 1865లో విడుదల నాటికి వాళ్ళలో చాలామంది పిల్లలు. ముసలి గొంతుతో చెప్పింది పసితనం కథ. అందుకని శిల్పి వాళ్ళను పిల్లలుగానే నిలబెట్టాడు. ఆలోచన బాగుంది. కానీ రాసుకున్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. పాత దొర మనవడో, పక్క ఊరి తెల్లమ్మో ఎదుట కూర్చుని రాసుకుంటూ ఉంటే ముసలాయన ఎంత చెప్తాడు, ఎంత మింగుతాడు? ఇది మాకు తెలియని సంగతి కాదు. ఊళ్ళోకి జీపు వచ్చి, దానిలోంచి దిగినవాళ్ళు ‘మీ ఆచారాలు చెప్పండి’ అంటే మా పెద్దలు ఏం చెప్తారో, ఏం చెప్పరో మేము చూస్తూ పెరిగాం. సారా సంగతి చెప్పరు, పోడు సంగతి అసలు చెప్పరు. పండగ గురించి చెప్తారు. దాన్ని రాసుకుని వెళ్ళినవాళ్ళు మాకు పండగలే ఉన్నాయని రాస్తారు. కార్డు మీది నాలుగు మాటల వెనుక ఆ మింగిన మాటలు కూడా ఉన్నాయని గుర్తుపెట్టుకుని చదవాలి.

ఇప్పుడు మాకు నచ్చని వాటికి వస్తాం. విట్నీలో ఒకప్పుడు ఉన్న బానిసల గుడిసెల్లో చాలాభాగం 1970లలో కూలగొట్టారు. ఇప్పుడు చూపిస్తున్నవాటిలో కొన్ని వేరే తోటనుంచి విప్పి తెచ్చి నిలబెట్టినవి. చర్చి కూడా వేరే ఊరినుంచి తెచ్చిందే. దీన్ని కొందరు తప్పుపట్టారు, అసలు స్థలం కాదుకదా అని. మాకు ఆ అభ్యంతరం లేదు. దొర ఇంటికి రెండు వందల ఏళ్ళ పాటు రిపేర్లు చేసి కాపాడి, గుడిసెలను బుల్‌డోజరుకు ఇచ్చాక, ‘అసలు గుడిసె ఏదీ’ అని గుడిసెవాళ్ళనే అడగడం ఏం న్యాయం? పక్క తోట ఎవర్‌గ్రీన్‌లో 22 గుడిసెలు రెండు వరసల్లో ఉన్నచోటే ఇంకా నిలబడి ఉన్నాయి. అది అరుదు కాబట్టే చెప్పుకుంటున్నాం.

మా అభ్యంతరం ఇనుప జైలు గది మీద. తుప్పు పట్టిన ఊచల గదిని ఎక్కడినుంచో తెచ్చి, దానిలోంచి చూస్తే ఊచల వెనుక పెద్దిల్లు కనపడేటట్టు పెట్టారు. ఫోటోకు గొప్పగా ఉంటుంది. కానీ ఆ గది బానిసత్వం రద్దయిన తరువాత తయారైంది. గుడిసెను పక్క తోటనుంచి తెస్తే అది అదే కాలపు గుడిసె. ఇది అలా కాదు. పైగా చూసేవాడి బుర్రలో ఒక తప్పు బొమ్మ వేస్తుంది. బానిసత్వం అంటే ఊచలు అనుకుంటాడు. తోటలో ఊచలు అక్కర్లేకపోయింది. లెక్కల పుస్తకం ఉంది, కొరడా ఉంది, పిల్లల్ని అమ్మేస్తామనే భయం ఉంది, చుట్టూ చిత్తడి అడవి ఉంది. మనిషిని ఊచలు లేకుండా ఎలా కట్టేశారో చూపించడం కష్టం. ఆ కష్టాన్ని తప్పించుకోవడానికి ఊచలు పెట్టారని మాకనిపించింది. మా తాతలు కూడా జైలు లేకుండానే అప్పుకు కట్టుబడ్డారు. గొత్తి పనిలో పాలేరుగా ఉన్నవాడి కాలికి గొలుసు ఎవరూ వేయలేదు.

పేర్ల దగ్గర చాలాసేపు ఆగాలి. ఒక గోడ మీద ఈ ఒక్క తోటలో పనిచేసిన 350 మందికి పైగా పేర్లు చెక్కారు. మరోచోట వరస గోడల మీద లూసియానా మొత్తం మీది 1,07,000 పేర్లు. ఈ పేర్లు గ్వెండొలిన్ మిడ్లో హాల్ అనే చరిత్రకారిణి కచేరీల్లో, ఫ్రెంచి, స్పానిష్ కాగితాల్లో ఏళ్ళతరబడి వెతికి కూర్చినవి. ఇంకొకచోట 2,200 మంది పసిపిల్లల పేర్లున్నాయి. అందరూ ఆ ఒక్క పారిష్‌లోనే, అంటే మన జిల్లాలాంటి దానిలో, బానిసలుగా పుట్టి చిన్నతనంలోనే పోయినవాళ్ళు.

ఇన్ని పేర్లు ఎలా మిగిలాయి? ధర కట్టారు కాబట్టి. దొర చనిపోతే ఆస్తి పంచడానికి జాబితా రాసేవారు. ఎద్దులు, బానలు, మంచాలు, వాటితో పాటు మనుషులు. పేరు, వయసు, ఏ జాతి, ఏ పని వచ్చు, ఏ జబ్బుంది, ఎంత ఖరీదు. మనిషిని వస్తువుగా రాసిన కాగితమే ఇవాళ మనిషిగా గుర్తుపట్టడానికి పనికొస్తోంది. సెక్ పుస్తకంలో చాలా భాగం ఇలాంటి కాగితాలను తిరగేసి చదివిన పనే. ఫలానా మనిషి బంబారా, ఫలానా ఆమె వోలోఫ్ అని గుమస్తా రాసిన ఒక్క మాటను పట్టుకుని, ఆ మనిషి ఏ నది ఒడ్డునుంచి వచ్చిందో, ఏ కథలు వెంట తెచ్చుకుందో వెతికాడు.

పుస్తకం పేరులోని బూకీ ఆ వెతుకులాటలో దొరికిందే. వోలోఫ్ భాషలో బూకీ అంటే దుమ్ములగొండి. లూసియానా క్రియోల్ కథల్లో బూకీ, కుందేలు జంటగా వస్తాయి. బూకీ కష్టపడి వండుతాడు, కుందేలు తిని పోతుంది అన్న సామెతలోంచి సెక్ తన పుస్తకం పేరు తీసుకున్నాడు. దుమ్ములగొండి లేని దేశంలో దుమ్ములగొండి కథ బతికి ఉంది! చెప్పేవాళ్ళు ఆ జంతువును ఎన్నడూ చూడలేదు. పేరు మాత్రం వదల్లేదు. నక్కా కుందేలూ కథలు మా అమ్మమ్మలు చెప్పినప్పుడు మేము కూడా ఎవరు వండారు, ఎవరు తిన్నారు అనే అడిగేవాళ్ళం. పెద్దింటి మీద వచ్చిన పుస్తకాలు ఎన్నో ఉంటాయి. ఆ ఇంటికి దుమ్ములగొండి పేరుతో వచ్చిన పుస్తకం ఇదొక్కటే అనుకుంటాం.

మా ముత్తాతల పేర్లు అలా మిగల్లేదు. మమ్మల్ని ఎవరూ కొనలేదు కాబట్టి ధర జాబితా లేదు. మా పేర్లు సర్కారు కాగితాల్లోకి ఎక్కింది అటవీ నేరం కింద, లేకపోతే పితూరీలో పట్టుబడ్డప్పుడు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని సరిగా కూలి ఇవ్వకుండా పనిచేయించాడు. 1922 పితూరీకి అదొక కారణమని చరిత్ర పుస్తకాలన్నీ రాస్తాయి. రోడ్డు ఉంది. బాస్టియన్ పేరు ఉంది. రాళ్ళు కొట్టినవాళ్ళ పేర్లు ఏ గోడ మీదా లేవు.

తిరుగుబాటు మాట వచ్చింది కాబట్టి విట్నీలో మరో చోటు చెప్పాలి. 1811 జనవరి 8న నది అవతలి గట్టున, మాన్యుయెల్ ఆండ్రీ తోటలో బానిసలు తిరగబడ్డారు. ముందు నడిచినవాడు చార్లెస్ దెస్లోండ్, తోటలో మేస్త్రీ. వందలమంది కత్తులూ గొడ్డళ్ళూ పట్టుకుని న్యూ ఆర్లీన్స్ వైపు నడిచారు. రెండు మూడు రోజుల్లో అణిచేశారు. పోరులోనూ, ఉత్తుత్తి విచారణల తరువాతా చంపినవాళ్ళు వందకు దగ్గరగా ఉంటారు. తలలు నరికి నది గట్టు పొడుగునా గుంజలకు గుచ్చారు. విట్నీలో ఆ తలలను మట్టితో చేసి ఊచల మీద నిలబెట్టారు. చిన్నపిల్లలు చూడక్కర్లేకుండా దారికి కొంచెం పక్కగా పెట్టారు. మాలో దీని మీద ఏకాభిప్రాయం కుదరలేదు. దొరలు భయపెట్టడానికి చేసిన పనిని మళ్ళీ మనమే చేసి చూపించాలా అని ఒకరన్నారు. కప్పిపెడితే జరగలేదంటారు, చూపించాల్సిందే అని మరొకరు. అయితే ఒక విషయంలో అందరం ఒప్పుకున్నాం. అక్కడ నాయకుడు తోట మనిషే, వెనుక నడిచినవాళ్ళూ తోట మనుషులే, తలలు వాళ్ళవే. మన్యంలో అల్లూరి సీతారామరాజు విగ్రహం లేని కూడలి అరుదు. ఆయన మీద మాకు గౌరవం తక్కువ కాదు. కానీ ఆయన పక్కన పోరాడి చచ్చిన, అండమాను పోయిన మావాళ్ళ విగ్రహాలు ఎన్ని? ఉన్నచోట కూడా విల్లు పట్టుకుని వెనుక వరసలో, పేరు లేకుండా నిలబడతారు.

హైడెల్ రాకముందు ఆ నేల ఎవరిది అన్న ప్రశ్న కూడా మిగిలి ఉంది. ఆదివాసులం కాబట్టి మా కన్ను అక్కడికి పోతుంది. ఆ నదీ తీరాల్లో చిటిమాచా మొదలైన జాతులుండేవి. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచివాళ్ళు చిటిమాచాలతో పన్నెండేళ్ళు యుద్ధం చేసి, పట్టుబడ్డవాళ్ళను బానిసలుగా వాడుకున్నారు. లూసియానా మొదటి బానిసల్లో చాలామంది ఆ నేల మనుషులే. తోటచరిత్రను 1752 నుంచి మొదలుపెడితే ఆ అధ్యాయం బయట ఉండిపోతుంది. మేము కూడా పై పేరాలో ‘విట్నీ కథ 1752లో మొదలవుతుంది’ అనే రాశాం. ఆ వాక్యం కొట్టెయ్యలేదు. దొర వచ్చిన రోజునుంచి కథ మొదలుపెట్టే అలవాటు మాకూ ఎంత పట్టేసిందో కనపడాలని అలాగే ఉంచాం.

2025 మే 15న అదే నది పక్కన నాటవే అనే మరో తోట ఇల్లు కాలిపోయింది. 1859 నాటిది, 64 గదులు. ఆ ప్రాంతంలో అంతకంటే పెద్ద తోట ఇల్లు లేదనేవారు. జాన్ రాండల్ఫ్ అనే దొర కట్టించాడు, 150 మందికి పైగా బానిసలు ఉండేవాళ్ళు. కొన్నేళ్ళుగా అది పెళ్ళిళ్ళ హోటలు. కాలిపోతుంటే ఫోన్లలో చూసి పండగ చేసుకున్నవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు. సంతోషించినవాళ్ళ బాధ మాకు అర్థమవుతుంది. అయినా మేము సంతోషించలేకపోయాం. ఆ మాను కోసింది, మోసింది, గోడ ఎత్తింది ఎవరు? ఇల్లు దొర పేరున ఉండొచ్చు, పనితనం దొరది కాదు. ఆ పని గురించి ఒక్క గది కూడా చూపించకుండా పెళ్ళి విందులకు వాడినన్నాళ్ళూ ఆ ఇల్లు ఒకరకంగా కాలుతూనే ఉంది.

ఇల్లు కట్టే పని గురించి ఒక చిన్న సంగతి. లూసియానా పాత ఇళ్ళలో చాలావాటికి కొయ్య గుంజల మధ్య మట్టిలో చెట్లకు వేలాడే నాచు పీచు కలిపి కూరి గోడ కట్టేవారు. దాని మీద సున్నం పూసేవారు. ఇప్పుడు ఆ మట్టిగోడ బాగు చేయడానికి నిపుణుల్ని పిలిపిస్తారు, అదొక విద్య అంటారు. మా ఇళ్ళూ అంతే కదా. వెదురు తడిక, మట్టి, గడ్డి, పేడ అలుకు. అక్కడ అది వారసత్వం. ఇక్కడ ముంపు ఊళ్ళో ఇంటికి విలువ కట్టడానికి వచ్చినవాళ్ళు గోడ ఏమిటి, కప్పు ఏమిటి అని అడిగి ‘కచ్చా’ అని రాసుకుంటారు. పోలవరం కింద గోదావరి ఒడ్డున కొండరెడ్ల, కోయల గూడేలు ఖాళీ అయ్యాయి. వందేళ్ళు దాటిన కట్టడానికి రక్షణ ఇవ్వడానికి 1958 నాటి చట్టం ఉంది. కానీ మట్టిల్లు వందేళ్ళు అదే గోడతో నిలబడదు. ఏటా అలుకుతాం, పదేళ్ళకోసారి కప్పు మారుస్తాం, కొడుకు పెళ్ళికి గోడ కొత్తగా కడతాం. ఇల్లు అదే, చోటు అదే, మట్టి కొత్తది. రాతికి తప్ప దేనికీ వయసు లెక్కపెట్టని చట్టానికి మా ఇల్లు ఎప్పుడూ నిన్న కట్టినదే.

విట్నీ మీద మాకున్న పెద్ద అనుమానం ఇల్లెవరి చేతిలో ఉందన్నది. అక్కడ ఒక తెల్ల లాయరు మనసు మారడం వల్ల పని జరిగింది. ఆయన మనసు మారకపోతే? 2025లో ఆ మ్యూజియానికి కేంద్ర ప్రభుత్వ గ్రాంటు ఒకటి ఆపేశారు. గోల అయ్యాక మళ్ళీ ఇచ్చారు. ఇచ్చే చెయ్యి ఆపే చెయ్యి కూడా. వాలెస్‌లోనే పుట్టి పెరిగిన జోయ్, జో బానర్ అనే కవల అక్కచెల్లెళ్ళు మరో దారి పట్టారు. బానిసల వారసులతో ఒక సంఘం పెట్టారు. ఊరిపక్కన ఒక కంపెనీ బ్రహ్మాండమైన ధాన్యం గోదాములు కట్టబోతే ఏళ్ళతరబడి కోర్టుల్లో పోరాడారు. 2024లో కంపెనీ వెనక్కి పోయింది. విట్నీ ఇంటి చుట్టూ కంచె వేసి కాపాడుకుంటూ, ఆ బానిసల ముని మనవల ఇళ్ళను ధాన్యపు దుమ్ముకు వదిలేస్తే అది కాపాడటం ఎలా అవుతుందని వాళ్ళు అడిగారు. అదే 2024లో వాళ్ళ సంఘం లాప్లాస్‌లోని వుడ్‌లాండ్ తోట ఇల్లు కొన్నది. 1811లో చార్లెస్ దెస్లోండ్ తిరుగుబాటు మొదలుపెట్టిన ఆండ్రీ ఇల్లు అది. తాళంచెవులు ఇప్పుడు వారసుల దగ్గరున్నాయి.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో పొట్లాలు దేశదేశాలు పోతున్నాయి. తోటల్లో గింజ ఏరే ఆడవాళ్ళు మావాళ్ళే. ఆ కొండల్లో సర్కారు కాఫీతోటల భూములకు పట్టాలివ్వమని అడుగుతున్నవాళ్ళూ మావాళ్ళే. రేపు ఏదో ఒక తోట బంగళాను బాగుచేసి కాఫీ చరిత్ర మ్యూజియం పెట్టవచ్చు. పెట్టనివ్వండి. రంగులు వేయకముందు, పాత బీరువాలు తుక్కు కింద అమ్మకముందు, మాలో చదువుకున్న ఇద్దరు పిల్లల్ని వారం రోజులు లోపలికి రానివ్వమని అడుగుదాం. పాత మస్టరు పుస్తకాలు ఉంటే చెదలు పట్టనివి ఏరి, వేలిముద్రల పక్కన గుమస్తా తప్పుల తడకగా రాసిన పేర్లను ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంటారు. గూడెం పేరు తెలిస్తే గూడెం పేరు కూడా. తప్పుగా రాసిన పేరును ఆ గూడెంలో ముసలివాళ్ళకు చదివి వినిపిస్తే ఎవరిదో వాళ్ళే చెప్తారు.